బకెట్లో మడ మొక్క

తాయారమ్మ ఉప్పు పోసి పెళ్లి మొక్కను చంపేసిందని రాయ్‌పూర్‌లో భన్‌పురి దగ్గరి తెలుగు బస్తీలో ఈనాటికీ చెప్పుకుంటారు. చెప్పే చోటును బట్టి ఉప్పు పెరుగుతుంది. కుళాయి దగ్గర గుప్పెడు, కిరాణా కొట్టు దగ్గర పొట్లం, పండరీ బట్టల బజారులో చీరలు బేరమాడుతూ చెప్పేవాళ్ల నోట ఏకంగా బస్తా. దానయ్య కొడుకు పెళ్లి చూసి ఓర్వలేక చేసిందని కొందరు, పుట్టింటివాళ్ల మాట నెగ్గించుకోవడానికి చేసిందని కొందరు అంటారు. తెల్లవారుతుండగా దానయ్య గుమ్మం ముందు ఒక చేత్తో ఉప్పు పొట్లం, ఇంకో చేత్తో బకెట్టు పట్టుకుని ఆవిడ నిలబడి ఉండగా కళ్లారా చూశామని ఇద్దరు ముగ్గురు ఒట్టేసి మరీ చెబుతారు.

వాళ్లు చెప్పేది అబద్ధం కాదు. ఆవిడ అక్కడ నిలబడిన మాట నిజమే, చేతిలో పొట్లం ఉన్న మాటా నిజమే. తాయారమ్మకు ఒళ్లు మండేది అందుకే. మొత్తం కల్పించి చెబితే ఛీ కొట్టి ఊరుకోవచ్చు. సగం నిజాన్ని పట్టుకుని వేలాడేవాళ్లతో ఎక్కడ మొదలుపెట్టి వాదించాలి?

తాయారమ్మ పుట్టింది గోదావరి సముద్రంలో కలిసేచోట, మడ అడవి అంచున ఉన్న ఒక చిన్న పల్లెలో. వ్యాగన్ వర్క్‌షాపులో ఫిట్టరుగా పనిచేసే చెన్నకేశవుల్ని పెళ్లాడి, ఛత్తీస్‌గఢ్ కొత్తగా రాష్ట్రమైన రోజుల్లో రాయ్‌పూర్ వచ్చింది. వచ్చాక తెలిసింది, ఊరు దాటినా ఊరివాళ్లను దాటలేదని. బస్తీలోని తెలుగు కుటుంబాలు ముప్పాతిక మూడొంతులు ఆ పల్లె నుంచి వచ్చినవే. ఎవరో ఒక తాత రైల్వే గ్యాంగులో పనికి వచ్చి వెనక బావమరిదిని రప్పించాడు. ఆ బావమరిది తన తమ్ముణ్ణి రప్పించాడు. ఇక్కడే పుట్టి ఇక్కడే ముసలివాళ్లయినవాళ్లు కూడా "మా ఊరు" అంటే ఆ పల్లె పేరే చెబుతారు.

పేరు చెప్పడంతో ఆగితే బాగుండేది. పెళ్లిపందిరికి మొట్టమొదట పాతే రాట మాత్రం మడ కర్రే అయి ఉండాలి, అదీ ఆ పల్లె నుంచే రావాలి. మిగతావన్నీ రాయ్‌పూర్ సరుకే. చీరలు పండరీవి, పందిరి టెంటు హౌసువాడి ఇనుప పైపులు, భోజనాల్లో పనీరు, ఊరేగింపులో డీజే. ఆ పైపుల మధ్యలో బుడిపెలున్న మడ కర్ర ఒకటి తెచ్చి, పసుపు రాసి, ఇనుప తీగతో పైపుకు కట్టేవాళ్లు. మడ వేళ్లు ఎంత పోటు వచ్చినా బురదను వదలవు, కొత్త జంట కూడా అలా ఉండాలని పెద్దల మాట. ఎవరింట్లో పెళ్లి కుదిరినా విశాఖ పాసింజరులో సీటు కింద, జనం కాళ్లకు అడ్డంగా, గోనె చుట్టిన కర్ర ఒకటి వచ్చేది.

తాయారమ్మ పెళ్లికీ అలాంటి కర్రే పాతారు. అప్పుడు ఆవిడా ఏమీ అనుకోలేదు.

పల్లెలో సంగతులు తర్వాత మారాయి. మడను వంటచెరుకుగా కొట్టి పడవల్లో వేసుకుని అమ్ముకున్న ఆడవాళ్లే, అడవి పలచబడి కాలవల్లో పీత కూడా దొరకని రోజులు వచ్చాక, ఒక సంఘం పెట్టుకున్నారు. తాయారమ్మ చెల్లెలు కల్యాణి అందులో పెద్ద. నల్ల సంచుల్లో మడ మొక్కలు పెంచారు. చేప ముల్లు ఆకారంలో నడుమ ఒక పెద్ద కాలవ, దాని పక్కలకు పిల్ల కాలవలు తవ్వి, పోటు నీళ్లు బీడుపడ్డ బురద దాకా వెళ్లేలా చేసి మొక్కలు నాటారు. ఆ పనికి కూలి వస్తుంది. మడ లేచేకొద్దీ రొయ్య వచ్చింది, పీత వచ్చింది. వాటిని ఎండబెట్టి కల్యాణి రాయ్‌పూర్ పంపితే తాయారమ్మ ఇంటింటికీ తిరిగి అమ్మిపెట్టేది. ఆవిడ చీర కొంగు ఎప్పుడూ ఎండు రొయ్యల వాసన కొడుతుందని బస్తీలో నవ్వేవాళ్లే పులుసులోకి ముందుగా చెప్పి ఉంచుకునేవాళ్లు.

సంఘం ఒక కట్టుబాటు పెట్టుకుంది. ఏ ఇంటివాళ్లు మడ కొట్టినా, ఎవరికోసం కొట్టినా, ఆ ఇంటి ఆడమనిషికి ఆ ఏడాది మొక్కల పని ఉండదు. పడిపోయిన చెట్టు తెచ్చామన్నా ఒప్పుకోరు. ఒప్పుకుంటే రోజుకో చెట్టు పడిపోతుందని వాళ్లకు తెలుసు.

కల్యాణి ఫోను చేసి, మీ రాయ్‌పూరోళ్లకు నువ్వే చెప్పుకో అక్కా, మేం చెబితే ఊళ్లో కూర్చుని పెత్తనం చేస్తున్నామంటారు అంది. చెబుతాను, ఇకమీదట ఇక్కణ్ణుంచి ఎవరూ కర్ర అడగరు అని తాయారమ్మ మాట ఇచ్చేసింది. ఇచ్చేటప్పుడు అదో పెద్ద పని అనుకోలేదు.

చెప్పడం మొదలుపెట్టాక తల ప్రాణం తోకకు వచ్చింది. వినేదాకా అందరూ మంచివాళ్లే. అడవిని కాపాడాలంటే అవునవునన్నారు. పిల్లలు బడిలో చెట్ల బొమ్మలు వేసి రంగులద్దుతున్నారని గొప్పగా చెప్పారు. కర్ర దగ్గరకు వచ్చేసరికి మాత్రం, మా ఇంటికి ఒక్కటే కదా, ఇదే ఆఖరు కదా అన్నారు. బస్తీలో ఎవరిని కదిపినా అదే ఆఖరు పెళ్లి. పైగా సముద్రాన్ని ఒక్కసారీ చూడని కుర్రాళ్లకే పట్టుదల ఎక్కువ. గాలికి మడ ఆకులు ఎలా కదులుతాయో కూడా తెలియనివాళ్లు, మడ లేని పెళ్లి పెళ్లేనా అని ఆవిణ్ణే నిలదీసేవాళ్లు.

దానయ్య కొడుకు గిరిధర్‌కు భిలాయి సంబంధం కుదిరిన ఏడు ఇది బాగా ముదిరింది. దానయ్య చెన్నకేశవులుకు పెద్దనాన్న కొడుకు. వర్క్‌షాపులో మిస్త్రీగా రిటైరై తెలుగు సంఘానికి ప్రెసిడెంటు అయ్యాడు. ఊళ్లో ఉన్న మేనల్లుడు యుగంధర్‌కు అప్పుడే ఫోను చేసి మంచి కర్ర చూసి ఉంచమన్నాడు. యుగంధర్ పడవ ఇంజను చెడి ఒడ్డున పడి ఉంది. ఇల్లు గడిచేది అతని భార్య ఉమారాణి మొక్కల కూలి మీద. మేనమామ మాట కాదనలేక సరేనన్నాడు. కర్ర కొడితే ఉమారాణి పని పోతుంది. పని నుంచి తీసేయాల్సింది కల్యాణి. ఎవరూ అడగరని ఆ కల్యాణికి మాట ఇచ్చింది తాయారమ్మ.

చెన్నకేశవులు కల్పించుకోనన్నాడు. వర్క్‌షాపులో నట్టు బిగించమంటే బిగిస్తాను గానీ మా అన్న బుర్రలో నట్టు నావల్ల కాదన్నాడు. ఆవిడే తెలుగు సంఘం గదికి వెళ్లింది. పెళ్లి పనులు మాట్లాడుకోవడానికి మగవాళ్లంతా అక్కడే ఉన్నారు. దానయ్య భార్య శేషమ్మ టీ గ్లాసులు అందిస్తోంది.

ఆవిడ చెప్పేది పూర్తికాకముందే దానయ్య చెయ్యి అడ్డం పెట్టాడు.

"అరే, ఒక్క కర్ర కొడితే సముద్రం ఊళ్లోకొచ్చేస్తదా తాయారూ? నువ్వు మరీ టెన్షన్ పెడతన్నావు."

"మీకొక్కటే బావగారూ. రామయ్యగారికొక్కటే. మొన్న ప్రేమ్‌చంద్ గారమ్మాయికొక్కటే. ఆ ఒక్కటొక్కటీ అక్కడ ఒకే చోట నరుకుతున్నారండి."

"రివాజు అన్నాక రివాజే. పెద్దలు పెట్టింది."

"పెద్దలు పెట్టిందైతే మరి మీ పెళ్లి రాట ఎక్కడుందండి?"

దానయ్య టీ గ్లాసు కింద పెట్టాడు. "ఉంటది ఎక్కడో."

"కూలర్ కింద ఉంది," అంది శేషమ్మ టీ పోస్తూనే. "రెండు ముక్కలు కోయించి మీరే పెట్టారు కదా, ఊగుతుందని."

గది గొల్లుమంది. నవ్వినవాళ్లనూ తాయారమ్మ వదల్లేదు. రామయ్య గారి రాటకు మేకను కడుతున్నారనీ, ప్రేమ్‌చంద్ వాళ్లది మురుగు కాలవ మీద పలకలా పడి ఉందనీ, ఇంకొకరిది పిల్లలు క్రికెట్‌కు వికెట్టు చేసుకున్నారనీ వీధి వీధీ చెప్పుకొచ్చింది. ఆవిడ రొయ్యలమ్ముకుంటూ తిరగని గుమ్మం లేదు మరి. నవ్వు ఆగిపోయింది. దానయ్య మొహం ఎర్రబడింది.

అప్పుడే ఆవిడ తన ఉపాయం చెప్పింది. కర్ర బదులు మడ మొక్కను తెప్పిస్తుంది. వేళ్లతో, బురదతో, బతికున్న మొక్కను. పందిరి పైపు పక్కన పెట్టి దానికే పసుపు రాద్దాం, వేళ్లు వదలవనే కదా పెద్దల మాట, కర్రకు వేళ్లెక్కడున్నాయి అంది. దానయ్యకు ఇష్టం లేదు. కానీ కూలర్ మాట అందరూ విన్నాక కాదనడం కష్టమైంది. ఒక షరతు పెట్టాడు. మొక్క పెళ్లివారి వసారాలోనే పెరగాలి, రాట ముహూర్తం నాటికి పచ్చగా ఉండాలి. ఎండిపోయిందా, యుగంధర్ కర్ర కొడతాడు. ఇంకెవరూ నోరెత్తకూడదు.

మాఘమాసం వెళ్లేలోపు మొక్క వచ్చింది, ఎండు రొయ్యల బుట్టలో అడుగున. మడ గింజ తల్లిచెట్టు మీదే మొలకెత్తి మునక్కాడలా వేలాడుతుంది. ఆ కాడకు నాలుగైదు మందపాటి ఆకులు. పాత పెయింటు బకెట్టు కడిగి, బురద సంచీతో సహా అందులో దించి, తాయారమ్మ దానయ్య వసారాలో పెట్టింది. పోటూ పాటూ లేనిచోట వట్టి మంచినీళ్లు పొయ్యి, వేళ్లు ఎండనివ్వకు చాలు అని కల్యాణి ఫోనులో చెప్పింది.

బస్తీ అంత తేలిగ్గా వదుల్తుందా? వచ్చినవాళ్లంతా ఒకటే సలహా. సముద్రపు మొక్క కదా, ఉప్పు వెయ్యరా? భన్‌పురి లారీలవాడు ఒకడు సముద్రపు కల్లుప్పు తెచ్చిపెడతానన్నాడు. ఒకామె పంపునీళ్లలో ఉప్పూ సోడా కలిపితే అచ్చం సముద్రమే అంది. వద్దు వద్దని చెప్పి చెప్పి తాయారమ్మ గొంతు ఎండిపోయింది. ఒంట్లో బాగాలేని పిల్లకు పెట్టకూడని తిండి పెట్టేవాళ్లను కాపలా కాసినట్టు కాసింది. రోజూ పొద్దున్న ఖారూన్ నది నీళ్లు వచ్చే కుళాయి నుంచి చెంబుడు పట్టుకెళ్లి తనే పోసేది.

దానయ్య మొదట దాన్ని "మీ చెల్లెలి బకెట్టు" అనేవాడు. తర్వాత దాని పక్కకే కుర్చీ జరుపుకున్నాడు. ఎండ పడితే నీడలోకి లాగేవాడు, రామయ్య మేక వస్తే కర్రపుచ్చుకుని లేచేవాడు. షరతు విషయంలో తననెవరూ తప్పు పట్టకూడదని జాగ్రత్త పడుతున్నాడు కాబోలు అనుకుంది తాయారమ్మ. అంతకుమించి ఆలోచించలేదు.

చైత్రం దాటాక ఆకులు పసుపెక్కాయి. అంచులు నల్లబడి ఒక్కొక్కటీ రాలడం మొదలైంది. బురద మీద తెల్లగా ఏదో పేరుకుంది. తాయారమ్మ ఫ్యాక్టరీ మసి అనుకుని ఆకులు గుడ్డతో తుడిచింది. ఎండ అనుకుని గోనె కట్టింది. మొగుడు తెలియక బోరునీళ్లు పట్టాడేమోనని ఆయనతో పోట్లాడింది. ఏం పోశావే అని కల్యాణి ఫోనులో అరిస్తే, ఏం పోస్తాను, నీళ్లే పోశాను అని తనూ అరిచింది.

ఆ రోజుల్లోనే శేషమ్మ తన గోడు చెప్పుకుంది. మీ బావగారికి బీపీ, డాక్టరు ఉప్పు మానెయ్యమన్నాడు, మానకపోగా డబ్బా డబ్బా ఖాళీ చేసేస్తున్నారు చెల్లీ, ఎక్కడ దాచినా వెతికి పట్టేస్తున్నారు, రాత్రుళ్లు నాకుతున్నారేమో అంది. తాయారమ్మ అవునా అక్కా అంది గానీ బుర్రంతా ఆకుల మీదే ఉంది.

రాట ముహూర్తం వారంలోకి వచ్చేసరికి మూడంటే మూడు ఆకులు మిగిలాయి. దానయ్య యుగంధర్‌కు ఫోను చేసి, రేపు పొద్దుటి పోటుకు ఎవరి పడవైనా అడిగి వేసుకుని వెళ్లమన్నాడు. ఆ మాట శేషమ్మ సాయంత్రం కుళాయి దగ్గర చెప్పింది. తాయారమ్మ ఆ రాత్రి అన్నం ముందు కూర్చుని లేచిపోయింది. తెల్లవారుతుండగానే, పోట్లాడైనా సరే ఆపాలని బయల్దేరింది.

వసారాలో దానయ్య బకెట్టు ముందు గొంతుక్కూర్చుని ఉన్నాడు. ఒడిలో ఉప్పు పొట్లం. మొక్క చుట్టూ వేళ్లతో సన్నగా, ముగ్గు వేస్తున్నంత శ్రద్ధగా ఉప్పు చల్లుతున్నాడు.

"బావగారూ, ఏం చేస్తున్నారు?"

ఆయన ఉలిక్కిపడ్డాడు. "ఏం లేదమ్మా. బెంగెట్టుకున్నట్టుంది. ఇక్కడ ఉప్పు గాలి లేదు కదా."

"ఎన్నాళ్లనుంచి?"

"వచ్చిన కాడ నుంచీనే. ఎక్కువ కాదు, రోజూ చారెడు. ఆకులు రాల్తన్నాయని ఈ మజ్జె రెండు చారెలు చేశా."

తాయారమ్మ బస్తీ మొత్తాన్ని కాపలా కాసింది. లారీవాణ్ణి కాసింది, సోడా ఆవిణ్ణి కాసింది. ఈయన చెయ్యి వైపు చూడాలని తోచలేదు. తిడదామంటే, ఆయన మొహంలో తిట్టడానికి అనువైనది ఏమీ కనిపించలేదు. అది ఇంకా చిరాకు.

"సముద్రానికైతే పాటు ఉంది, వచ్చిన నీళ్లు తిరిగిపోతాయి. ఈ బకెట్టుకి చిల్లు కూడా లేదు బావగారూ. మీరేసిన ఉప్పంతా ఎక్కడికి పోతుందండి?"

దానయ్య బకెట్టు అడుగు వైపు చూశాడు. చేత్తో తడిమి మరీ చూశాడు. నలభై ఏళ్లు వ్యాగన్లకు చిల్లులు మూసిన మనిషి.

"మడకి కూడా ఉప్పెక్కువవుద్దా?" అన్నాడు చివరికి.

"మీకవట్లేదా?"

ఆయన చొక్కా జేబులోంచి ఫోను తీశాడు. యుగంధర్ ఎత్తలేదు. రెండోసారి ఉమారాణి ఎత్తింది. కర్ర వద్దని, నేను చెప్పానని చెప్పమ్మా, పడవ వెళ్లిపోయిందా అని దానయ్య కంగారుగా అడిగాడు. అందరికీ వినిపించేలా ఫోను పెద్దగా పెట్టుకునే అలవాటు ఆయనది, అందుకని జవాబు తాయారమ్మకూ వినిపించింది.

"వెళ్లలేదండి మావయ్యగారూ. కత్తి నిన్ననే దాచేశానండి. ఇల్లంతా ఎతికి ఎతికి ఇప్పుడే పక్కింటికి అడగడానికెళ్లారు. ఉండండి, పిలుస్తాను."

తాయారమ్మ పొట్లం ఆయన చేతిలోంచి లాక్కుంది. బకెట్టు వీధి కాలవ దగ్గరకు ఈడ్చి, తెల్లగా పేరుకున్న పైబురద గీకి పారేసి, ఉప్పునీళ్లు వంచింది. నీళ్లు పట్టడానికి వచ్చిన ఆడవాళ్లు చూసింది సరిగ్గా అప్పుడే. ఆవిడ చేతిలో పొట్లం, కాలవలో తెల్లటి నీళ్లు, బకెట్లో చచ్చేలా ఉన్న మొక్క. ఏంటి తాయారమ్మా ఇది అన్నారు. ఆవిడ దానయ్య వైపు చూసింది. దానయ్య గోడ మీద క్యాలెండరు వైపు చూశాడు.

చెప్పేద్దామని నోటిదాకా వచ్చింది. ప్రెసిడెంటు గారే మొక్కను ఇలా చేశారని వీధంతా నవ్వితే, పరువు కోసం ఆయన మళ్లీ కర్రే అంటాడు. కర్ర వద్దని ఫోను చేసింది ఇప్పుడే కదా. ఉమారాణి కత్తి ఎన్నాళ్లని దాచగలదు? తాయారమ్మ నోరు మూసుకుని స్క్రూడ్రైవరుతో బకెట్టు అడుగున చిల్లులు పొడిచింది. తర్వాత కుళాయి కట్టేసేదాకా నీళ్లు మోసి పోసింది. దానయ్యా రెండు బకెట్లు మోశాడు. పెళ్లయ్యాక నేనే అందరికీ చెబుతానమ్మా అని గొణిగాడు.

ముహూర్తం నాటికి రెండాకులు ఉన్నాయి, పచ్చగానే. ఇనుప పైపు పక్కన బకెట్టు పెట్టి, కాడకు పసుపు రాసి, దారం చుట్టారు. ఫోటోగ్రాఫరు మూడుసార్లు బకెట్టు పక్కకు జరపబోతే మూడుసార్లూ దానయ్యే అరిచాడు. పెళ్లి బాగానే జరిగింది. మధ్యాహ్నానికి ఆ రెండాకులూ రాలిపోయి, టెంటు హౌసువాళ్లు పందిరి విప్పే సమయానికి బకెట్లో మోడు మిగిలింది. మర్నాడు వసారాలో బకెట్టే లేదు. అక్కణ్ణుంచి బస్తీ తనకు కావలసింది తను చెప్పుకుంది.

దానయ్య ఇంకా చెబుతానంటూనే ఉన్నాడు. ఉగాది తర్వాత అంటాడు, మనవడి అన్నప్రాశన కానీ అంటాడు. తాయారమ్మ అడగడం మానేసింది. ఆ తర్వాత ఏ పెళ్లికీ ఊరి నుంచి కర్ర రాలేదు. దానయ్య ఇంట్లో జరిగింది కాబట్టి అదే కొత్త రివాజు అయిపోయింది. రొయ్యల బుట్టలో మొక్కలు వస్తున్నాయి, పెళ్లయ్యాక తిరుగు పాసింజరులో ఊరికి వెళ్లి కాలవ గట్టున నాటుకుంటున్నాయి. ఉమారాణి పని ఉమారాణికి ఉంది. ప్రతి పెళ్లిలోనూ ఎవరో ఒకరు బకెట్టు చూపించి, జాగ్రత్త, తాయారమ్మను దగ్గరికి రానివ్వకండి అని నవ్వుతారు. ఆవిడ తన విస్తరిలో ఉప్పు పక్కకు నెట్టి, లేచి చేయి కడుక్కుంటుంది.

తాయారమ్మ ఇంటి వెనక, కుళాయి పక్కన ఒక పాత డ్రమ్ములో మొక్క ఒకటి ఉంది. ఆకులు మందంగా నిగనిగలాడుతుంటాయి, కాండం నుంచి కాళ్లలా వేళ్లు దిగాయి. నీళ్లకు వచ్చే ఆడవాళ్లు దాని నీడలో బిందెలు దించుకుని, ఇదేం మొక్క తాయారమ్మా, రబ్బరు మొక్కలాంటిదా అని అడుగుతారు. మడను కర్రగా చూశారు, గింజకాడగా చూశారు, చెట్టుగా ఎన్నడూ చూడలేదు. అక్కడే నిలబడి ఉప్పు కథ కూడా చెప్పుకుంటారు. గిరిధర్ పెళ్లి మొక్క చావలేదు. ఆవిడ ఇంటికి తెచ్చుకున్న ఆ మోడు ఆ ఏడు మొదటి వానలకే చిగురేసింది, ఇప్పుడు ఆవిడ భుజం దాకా ఉంది.